టోటల్ తొమ్మిది

మా కర్నూలు, కడప జిల్లాల్లో కాస్త డబ్బు చేతికొచ్చిన మనిషి బండి కొనే ముందే నంబరు వెతుక్కుంటాడు. నంబరులోని అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలి. తొమ్మిది రాకపోతే బండి నడవదేమో, పెట్రోలు తాగదేమో, ఏమో నాకు తెలియదు. నేను స్కూటర్ కొన్నప్పుడు నంబరు కూడితే ఎనిమిది వచ్చింది. షోరూంలో ఉన్నాయన, "ఎనిమిదంటే శని మేడమ్, కొంచెం ఆగితే వేరేది చూస్తాం" అని జాలిగా చూశాడు. "బ్రేకులు పడితే చాలు నాయనా" అని తాళం తీసుకుని వచ్చేశాను. ఆ స్కూటర్ మీదే ఇన్నేళ్లుగా కర్నూలు నుంచి కోడుమూరు దిక్కున ఉన్న మా హైస్కూలుకు పోయి వస్తున్నాను. పుట్టింది ఒంటిమిట్ట పక్క పల్లెలో, మెట్టింది కర్నూలులో, చెప్పేది లెక్కలు.

ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఈ తొమ్మిది గోలను నేను పట్టించుకునేదాన్ని కాదు. కారుకు తొమ్మిది, ఫోనుకు తొమ్మిది, పెళ్లి ముహూర్తానికి తొమ్మిది, పెట్టుకోండి, మీ ఇష్టం. కానీ ఆ తొమ్మిది తిన్నగా నా తరగతిలోకి వచ్చి, నా దగ్గర చదువుకునే పిల్ల నోటిదగ్గరి కూడు లాగేసింది. అప్పటి నుంచి ఆ మాట ఎత్తితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ పిల్ల పదో తరగతి. తండ్రికి కాస్త మెట్టపొలం ఉంది. వాన పడితే వేరుశనగ, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే మా పడమటి పల్లెల్లో అందరికీ తెలుసు. ఇంటికి తాళం వేసి, చాపలు, గిన్నెలు, పిల్లలు, అన్నీ లారీలో వేసుకుని గుంటూరు దిక్కు పత్తికీ మిరపకోతకీ పోవడం. చలికాలం మొదలైతే నా తరగతిలో బెంచీలు ఖాళీ అవుతాయి. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయి ఉంటాయి. ఆడపిల్లలైతే ఆ తర్వాత బడి గేటు దాటి లోపలికి రారు.

ఒకరోజు ప్రధాన సంఖ్యలు చెబుతూ పిల్లలకు వేరుశనగ గింజలు పంచాను. పన్నెండు గింజలు ఇస్తే మూడేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చారు. పదమూడు ఇచ్చాను. ఎలా పేర్చినా ఎన్నో కొన్ని బయటే మిగిలాయి, లేదా అన్నీ ఒకే బారుగా పెట్టాల్సి వచ్చింది. అలా సమాన వరుసలకు లొంగని సంఖ్యే ప్రధాన సంఖ్య అన్నాను. పిల్లలు బాగానే అర్థం చేసుకుని గింజలు తినేశారు. ఈ పిల్ల మాత్రం తినకుండా వాటినే చూస్తూ కూర్చుంది.

"మేడమ్, అంకెలు పెద్దగయ్యేకొద్దీ ఇవి అయిపోతాయా?" అంది.

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "అయిపోయాయనే అనుకుందాం. ఉన్నవన్నీ ఒకదానితో ఒకటి గుణించు. వచ్చినదానికి ఒకటి కలుపు. ఇప్పుడు దాన్ని నీ దగ్గరున్న ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా ఒకటి మిగులుతుంది. అంటే అదే కొత్త ప్రధాన సంఖ్య అయినా కావాలి, లేదా దాన్ని భాగించే కొత్తది ఇంకెక్కడో ఉండాలి" అన్నాను. పిల్ల కాసేపు పెదవులు కదుపుతూ లోలోపల గుణించుకుంది.

"అయితే ఎవురూ అన్నిటినీ పట్టుకోలేరు" అంది.

"నాకు తెలిసిన పెద్దది ఒకటి చెప్పనా?" అని బోర్డు మీద రాశాను. ఒకటి నుంచి పది దాకా వరసగా ఎక్కాలి, మళ్లీ ఒకటి దాకా దిగాలి. 12345678910987654321. చూడటానికి చిన్నపిల్లలు ఒంట్లు అప్పజెప్పినట్టు ఉంటుంది. కానీ ఒకటితో, దానితో తప్ప ఇంక దేనితోనూ భాగం పోదు. ఒక్కో సంఖ్యతో భాగించి చూద్దామని చేత్తో కూర్చుంటే మూడు వందల యాభై కోట్ల దాకా పోవాలి. మన జన్మ చాలదు, మనవళ్ల జన్మా చాలదు. అది ప్రధాన సంఖ్యేనని యంత్రాలు తేల్చిపెట్టాయి. అయినా ఈ పిల్ల మూడుకూ, ఏడుకూ, పదకొండుకూ, పదమూడుకూ తానే భాగించి, ప్రతిసారీ శేషం చూసి మురిసిపోయి, మర్నాడు నాకు చూపించింది. కోట్లలో ఎక్కడో ఉన్న సంఖ్య ఆ పిల్లకు ఇంటి పక్కన చుట్టమైపోయింది.

జిల్లా స్థాయి సైన్సు, లెక్కల ప్రదర్శన పోటీ వస్తే ఆ సంఖ్యనే పట్టుకుపోదామన్నాను. ఫోన్లో డబ్బు పంపేటప్పుడు మధ్యలో ఎవరూ దొంగిలించకుండా తాళం వేయడానికి ఇలాంటి పెద్ద ప్రధాన సంఖ్యలనే వాడతారు. రెండిటిని గుణించడం చిటికెలో పని. గుణించి వచ్చినదాన్ని చూసి ఆ రెండూ ఏవో కనుక్కోవడం మాత్రం ఎంత పెద్ద కంప్యూటర్‌కైనా గండమే. పిల్ల ఇదంతా మా యాసలో, వేరుశనగ గింజలతో, ఎంత ముచ్చటగా చెప్పేదో! హెడ్మాస్టర్ కూడా విని తలూపాడు.

అప్పుడే తండ్రి బడికి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడమ్, మా జట్టుకు లారీ మాట్లాడినారు. ఆ పోటీలో గెల్చి పైకి పోతాదంటే పిల్లను మా అమ్మ కాడ ఇడిసిపోతా. గెలవకుంటే తోడుకోని పోతా. నాకు ఇంకో జత చేతులు కావల్ల" అన్నాడు.

"పదో తరగతి కదప్పా, పబ్లిక్ పరీక్షలు..." అన్నాను.

"టెన్త్ పాసైనోళ్లు మా లారీలోనే శానామంది ఉండారు మేడమ్" అన్నాడు.

ఇక ఆ పిల్ల చదువంతా ఆ ఒక్క ప్రదర్శన మీదే నిలబడింది. అది పిల్లకూ తెలుసు.

బడి ఉన్న ఊళ్లో పెద్దింటి ఆయన ఒకడున్నాడు. తాతల నాటి పొలాలు, ఓర్వకల్లు దగ్గర స్థలాల వ్యాపారం, బడికి పోయే దారిలో పాత ఇల్లు, కర్నూలులో మేడ. బడికి బెంచీలు ఇచ్చాడు, అబద్ధమెందుకు చెప్పాలి. ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టిస్తానని మాట కూడా ఇచ్చాడు. ఆయన కారు తొమ్మిది, ఫోను తొమ్మిది, ఇంటి నంబరు తొమ్మిది కాదని పక్కింటి గోడ కలుపుకుని తొమ్మిది చేసుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. పిల్ల పోటీకి పోతోందని విని, పెద్ద ఫ్లెక్సీ వేయిస్తానన్నాడు. హెడ్మాస్టర్ పొంగిపోయి నా దగ్గర ఆ సంఖ్య రాయించుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసి మరీ ఫోన్లో పంపాడు. ఆయన తప్పేమీ లేదు అక్కడ.

ప్రదర్శన కర్నూలులో. పొద్దున్నే హాలుకు చేరేసరికి ఫ్లెక్సీ చుట్ట వచ్చి ఉంది. విప్పి గోడకు కట్టాం. సగం దాకా పెద్దాయన నవ్వుతూ దండం పెడుతున్న బొమ్మ. కింద బంగారు రంగులో సంఖ్య. పిల్ల దగ్గరికి పోయి, వేలు పెట్టి ఒక్కో అంకె ఎక్కింది, దిగింది, చివరికొచ్చి ఆగిపోయింది.

"మేడమ్, కడాన తొమ్మిది ఉండాది" అంది.

ఒకటి ఉండాల్సిన చోట తొమ్మిది. అచ్చుతప్పేమో అనుకున్నాను. హెడ్మాస్టర్ ముఖం చూస్తే అర్థమైంది, అచ్చుతప్పు కాదని. పెద్దాయన ఆ సంఖ్యను తన సిద్ధాంతికి చూపించాడట. సిద్ధాంతి కూడాడట. తొంభై ఒకటి వచ్చిందట, దాన్ని కూడితే పది, మళ్లీ కూడితే ఒకటి. ఆయన జాతకానికి ఒకటి పడదట. చివరి ఒకటిని తొమ్మిది చేస్తే తొంభై తొమ్మిది, కూడితే పద్దెనిమిది, కూడితే తొమ్మిది. అంతే, శుభమస్తు!

ఓరి మీ శుభం పాడుగాను! ఒక ప్రధాన సంఖ్యను ఎన్నో రకాలుగా చెడగొట్టవచ్చు. వీళ్లు ఏరికోరి అన్నిటికంటే అధ్వానమైనది పట్టుకున్నారు. పదిని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగులుతుంది, వందకూ అంతే, వెయ్యికీ అంతే. అందుకే అంకెలన్నీ కూడితే తొమ్మిది వచ్చిందంటే ఆ సంఖ్య తొమ్మిదితో భాగం పోతుందని అర్థం. ఆరో తరగతి పాఠం ఇది. మా జిల్లాల్లో వేలం పాడి కొనుక్కున్న టోటల్ తొమ్మిది నంబర్లన్నిటిలో ప్రధాన సంఖ్య ఒక్కటంటే ఒక్కటి లేదు, ఉండదు, ఉండబోదు. వీళ్ల అదృష్టమే ప్రధాన సంఖ్యలకు చావు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, ఆ సిద్ధాంతి చెప్పాడు, ఈయన వేయించాడు, ఫ్లెక్సీ షాపువాడు అచ్చేశాడు. ఇది ఏం సంఖ్య, ఎందుకు రాశారు అని అడిగిన పాపాన ఒక్కడు పోలేదు.

నేను తెల్లకాగితం ముక్క తెచ్చి, దాని మీద మార్కర్‌తో ఒకటి రాసి, ఆ తొమ్మిది మీద అంటించాను. హెడ్మాస్టర్ చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "మేడమ్, ఆయన ముఖ్య అతిథిగా వస్తున్నాడు. మరుగుదొడ్ల సంగతి మర్చిపోకండి. కందకు లేని దురద మీకెందుకు?" అన్నాడు.

"కంద ఇక్కడే నిలబడి ఉంది సార్, అడగండి దురదుందో లేదో" అని పిల్లను చూపించాను.

పెద్దాయన వచ్చాడు, వెనక పదిమంది. నేరుగా తన ఫ్లెక్సీ దగ్గరికి వచ్చి, ఆ కాగితం చూసి, నవ్వుతూనే గోటితో గీకి పీకేశాడు.

"ఏం మేడమ్, మంచికే కదా మార్పించినా! ఒకటి పోయి తొమ్మిదయ్యింది. పెరిగిందే గానీ తగ్గలేదు కదా?"

"అన్నా, అది పెంచితే బాగుపడేది కాదు. ఇప్పుడిది ప్రధాన సంఖ్యే కాదు. తొమ్మిదితో భాగం పోతుంది" అన్నాను.

"భాగం పోతే మంచిదే కదా, నలుగురికీ వస్తాది!" అన్నాడు. వెనకున్న పదిమందీ పగలబడి నవ్వారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ, ఇక్కడ వినేవాడికే చెప్పేది లోకువైంది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో గుచ్చుకుంటుంది. పిల్ల నవ్వలేదు. కాగితం ముక్క కింద పడితే వంగి తీసుకుని జేబులో పెట్టుకుంది.

న్యాయనిర్ణేత ఒక పెద్ద కాలేజీ లెక్చరర్. లెక్క వచ్చినవాడే. ఫ్లెక్సీ ముందు నిలబడి కళ్లతోనే అంకెలు కూడి, "అమ్మాయ్, ఇది ప్రధాన సంఖ్య అని రాశావు. తొమ్మిదితో పోతుందే?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే పిల్ల చెప్పింది. "పోతాది సార్. ఇది ప్రధాన సంఖ్య కాదు. మా సంఖ్యకు కడాన ఒకటి. దీన్ని మార్చినారు."

"ఎవరు మార్చారు?"

పిల్ల ఏ బెదురూ లేకుండా వేలెత్తి పెద్దాయనను చూపించింది. ఆయన పక్కనే, మెడలో దండతో నిలబడి ఉన్నాడు.

ఇక్కడ ఆ లెక్చరర్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆయనకు అంతా అర్థమైంది. పిల్ల ఎంత బాగా చెప్పిందో ఆయన ముఖంలోనే కనిపించింది. "మరి అసలు సంఖ్య గురించి చెప్పమ్మా" అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. దండ వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు, పక్క బల్లకు పోయాడు. ఆ పక్క బల్ల మీద వంటసోడా పోస్తే పొంగే అగ్నిపర్వతం ఉంది. ప్రతి ఏడూ ఏదో ఒక బడి దాన్ని తెస్తుంది, ప్రతి ఏడూ అది పొంగుతుంది. బహుమతి దానికే వచ్చింది. తెలియనివాడు తప్పు చేస్తే సరే, తెలిసినవాడు నోరు మూసుకుంటే ఏమనాలి? సిగ్గుండొద్దూ!

బస్సులో పిల్ల ఏడవలేదు. "మిరపకాయలు కోస్తే చేతులు శానా మండుతాయంట కదా మేడమ్" అని మాత్రం అడిగింది. నాకే ఏడుపు ఆగలేదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. రెండు రోజులకు హెడ్మాస్టర్ గదిలోకి నన్ను పిలిచారు. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పిల్ల గోడ దగ్గర నిలబడి ఉంది. తండ్రిని కూడా పిలిపించారు. ఆయనకు కుర్చీ వేయలేదు.

"ఏమప్పా, నీ కూతురు అంతమందిలో నా మీద వేలు చూపించింది" అన్నాడు పెద్దాయన. గొంతు మెత్తగానే ఉంది. "చిన్నపిల్ల, నేనేం పట్టించుకోను. రేపు ప్రార్థనలో ఒక్క మాట సారీ అని, ఆ నంబరు కూడా కరెక్టే అని చెప్పమను. అంతటితో మర్చిపోతా."

"ఒక్క మాటే కదా" అన్నాడు హెడ్మాస్టర్, నేల చూస్తూ.

నాకు ఒళ్లు తెలియలేదు. "సారీ అంటే అననివ్వండి సార్, పిల్ల పెద్దవాళ్లకు వేలు చూపించిందని. కానీ తొమ్మిదితో పోయేదాన్ని ప్రధాన సంఖ్య అని ప్రార్థనలో చెప్పిస్తారా? ఇంక నేను బోర్డు దగ్గర నిలబడి ఏం చెప్పాలి? నా సుద్దముక్క కూడా ఈయన సిద్ధాంతికే ఇచ్చేయండి!" అని అరిచాను. హెడ్మాస్టర్ కిటికీ మూశాడు.

తండ్రి నా వైపు చూడలేదు, పెద్దాయన వైపూ చూడలేదు. కూతురి వైపు తిరిగాడు. పిల్ల, "నాయనా, లెక్క చేసి చూపిస్తా" అంది.

"నాకు చూపించొద్దు, నాకు తెలీదు. నువ్వు చెప్పింది నిజమా, కాదా? అది చెప్పు."

"నిజం నాయనా."

"ఆయప్ప చెప్తే మారదా?"

"ఎవురు చెప్పినా మారదు."

"నేను చెప్తే?"

"నువ్వు చెప్పినా మారదు నాయనా."

ఆయన తలగుడ్డ సర్దుకుని పెద్దాయనతో అన్నాడు. "అన్నా, కన్నోణ్ణి, నేను చెప్పినా మారదంటాంది. ఇంక సారీ యాడనుంచి తెచ్చేది?"

పెద్దాయన నవ్వు పోయింది. లేచి నిలబడ్డాడు. "సుగ్గికి పోయేటోనివి, నీకెందుకప్పా ఇంత పౌరుషం? లారీ ఎక్కినారంటే ఈడ పిల్లా ఉండదు, లెక్కా ఉండదు. అప్పుడు ఎవురు చెప్పింది నిజమో ఊరే చెప్తాది" అని కారెక్కి వెళ్లిపోయాడు. మరుగుదొడ్లు కూడా ఆయనతోనే వెళ్లిపోయాయి, ఈ రోజుకీ రాలేదు. ఒక సంఖ్య తనకు నచ్చినట్టు లేదని ఆడపిల్లలను కంపచెట్ల వెనక్కి పంపే మనిషిని ఏ తొమ్మిది బాగుచేస్తుంది?

తండ్రి గేటు దాకా నడిచి, అక్కడ ఆగి, "మేడమ్, పిల్లను తోడుకోని పోను" అన్నాడు.

నేను నమ్మలేక చూశాను.

"తోడుకోని పోతే, తప్పు చెప్పి ఊరిడిసి పోయిందంటాడు. ఈడే ఉంటాది. ఆయప్ప ఇంటి ముందర్నే దినాం బడికి పోతాది."

సంతోషం వేసిందా అంటే, వేసింది. దానికి రెండింతలు కోపమూ వచ్చింది. పరీక్షల గురించి నేను ఎన్నిసార్లు చెప్పాను! కాలేజీ అన్నాను, ఉద్యోగం అన్నాను, బంగారం లాంటి పిల్ల అన్నాను. ఒక్క మాటా ఆ మనిషి చెవికెక్కలేదు. ఒకడు ఇంట్లో అడుగుపెట్టినట్టు వచ్చి నీ కూతురు అబద్ధమాడిందని ఒప్పుకోమంటే గాని మా సీమ మనిషికి కూతుర్ని చదివించాలనిపించలేదు. అదే పౌరుషం మొదటే చదువు మీద చూపించి ఉంటే ఏం పోయేది? చూపించడానికి ఇంట్లో గింజలుండాలి కదా అని నాకు నేనే జవాబు చెప్పుకుని, ఆ జవాబు మీద కూడా కోపం తెచ్చుకున్నాను.

లారీ బయల్దేరే పొద్దున నేను బడికి కాస్త ముందే వచ్చాను. రోడ్డు మీద మూటలు, బిందెలు, గంపల కింద కోళ్లు. తల్లి పిల్లను పట్టుకుని వదలడం లేదు. ఒక జత చేతులు తగ్గితే ఇంటికి ఎంత తగ్గుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. పిల్ల తన అవ్వ పక్కన, యూనిఫాం వేసుకుని, నిటారుగా నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. అందరూ ఎక్కారు.

తండ్రి మాత్రం ఎక్కకుండా నా దగ్గరికి వచ్చాడు. కూతురికి వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, ఆ లెక్క... నిజమే కదా?"

"నిజమేనప్పా" అన్నాను.

"సరే మేడమ్" అని, లారీ వెనక పట్టుకుని పైకెక్కాడు.